ఛాంపియన్ గుర్రానికి కాలు వాస్తే కెరీర్ ఎందుకు ముగిసిపోతుంది?

2018 జూన్ 9 సాయంత్రం న్యూయార్క్‌లోని బెల్మాంట్ పార్క్‌లో జస్టిఫై అనే ఎర్ర గుర్రం గేటు తెరుచుకున్న క్షణం నుంచి గీత దాటే దాకా ఎవరినీ ముందుకు రానివ్వలేదు. కెంటకీ డెర్బీ, ప్రీక్‌నెస్, బెల్మాంట్ మూడింటినీ ఐదు వారాల్లో గెలిచి అమెరికన్ ట్రిపుల్ క్రౌన్ అందుకుంది. ఆ ఘనత సాధించిన గుర్రాలు అప్పటికి చరిత్ర మొత్తంలో పన్నెండే, ఇది పదమూడోది. దీని మొదటి పందెం ఆ ఏడాది ఫిబ్రవరి 18న జరిగింది. అంటే 111 రోజుల్లో ఆరు పందేలు, ఆరు గెలుపులు. జూలై 25న రిటైర్మెంట్ ప్రకటించారు. వయసు మూడేళ్లు. ఏడో పందెం లేదు.

కారణం ముందరి ఎడమ కాలు. గిట్టకు కాస్త పైన ఉండే కీలును రేసు జనం చీలమండ అంటారు, అక్కడ నీరు చేరింది. ట్రైనర్ బాబ్ బాఫర్ట్ అప్పుడు చెప్పిన మాట సారాంశం ఏమిటంటే, వాపు తగ్గుతున్న తీరు చూస్తే శరత్కాలపు పెద్ద పందేలకు గుర్రం సిద్ధం కాదు. ఇక పరిగెత్తలేదని ఆయన అనలేదు, అనుకున్న టైముకు సిద్ధం కాదన్నారు. ఈ రెండు మాటల మధ్య ఉన్న తేడా పెద్దది. ఛాంపియన్ గుర్రాల రిటైర్మెంట్ వ్యవహారం దాదాపుగా ఆ తేడాలోనే ఉంది.

ప్రతి ప్రకటనా ఒకే అచ్చులో వస్తుంది. గుర్రం క్షేమమే ముఖ్యం, ఇంత ఇచ్చిన జీవిని రిస్క్‌లో పెట్టలేం, ఇక స్టడ్ ఫామ్‌లో, అంటే సంతానం కోసం గుర్రాలను ఉంచే చోట, కొత్త జీవితం. ఆ మాటలు అబద్ధం కావు. లాయంలో ఏళ్ల తరబడి గుర్రాన్ని సాకిన మనిషి కన్నీళ్లు నిజమే. కానీ అవి సగం కథే చెబుతాయి. మిగతా సగం తెలియాలంటే ముందు గుర్రం కాలును దగ్గరగా చూడాలి, తర్వాత లెక్కల పుస్తకం తెరవాలి.

మోకాలి కింద ఏముంది

రేసు లాయాల్లో రోజు చీకటితోనే మొదలవుతుంది. గుర్రాన్ని చూసుకునే మనిషి దాని పక్కన గొంతుక్కూర్చుని, మోకాలి నుంచి గిట్ట దాకా అరచేతిని మెల్లగా జారుస్తాడు. ఒక కాలు, తర్వాత రెండోది, మళ్ళీ మొదటిది. అతను వెతికేది వేడి కోసం. నిన్నటి కంటే ఈ కాలు కాస్త వెచ్చగా ఉందా? నరంలా గట్టిగా తగలాల్సిన చోట మెత్తగా తగులుతోందా? వేళ్లకు తెలిసే ఆ కొద్దిపాటి తేడాతో కోట్ల డాలర్ల ప్రణాళికలు ఆగిపోతాయి. గుర్రం అప్పటికి కుంటుతూ ఉండదు, మేత మానదు. మామూలుగానే చెవులు నిక్కించి చూస్తుంటుంది.

గుర్రానికి ముందరి మోకాలి కింద కండ ఉండదు. ఎముక, చర్మం, వాటి మధ్య తాళ్లలాంటి టెండాన్లు, లిగమెంట్లు, అంతే. 450 నుంచి 500 కిలోల శరీరం గంటకు 60 కిలోమీటర్ల పైన దూసుకుపోయేటప్పుడు, ప్రతి అంగలోనూ ఒక్క ముందరి కాలే నేల మీద ఉండే క్షణం వస్తుంది. అప్పుడు ఆ కాలి మీద పడే భారం శరీర బరువుకు దాదాపు రెండున్నర రెట్లు. కాలి వెనక ఉండే ప్రధాన టెండాన్ ఆ క్షణంలో తెగే హద్దుకు చాలా దగ్గర దాకా సాగి మళ్ళీ వెనక్కి వస్తుంది. రబ్బరు పట్టీలా అలా సాగడం వల్లే గుర్రానికి అంత వేగం. గాయం కావడానికి కూడా కారణం అదే.

అల్ట్రాసౌండ్ తీస్తే ఆరోగ్యంగా ఉన్న టెండాన్ అడ్డుకోతలో ఒకే రకమైన బూడిద రంగు ముద్దలా కనిపిస్తుంది. దెబ్బతిన్నదాని నడిమధ్యలో నల్లటి చుక్క ఉంటుంది. పోగులు తెగి ద్రవం నిండిన చోటు అది. వెటర్నరీ డాక్టర్ ఆ నల్లచుక్కను తెర మీద వేలితో చూపించాక ఓనర్ అడిగే మొదటి ప్రశ్న ఎక్కడైనా ఒకటే: ఎన్నాళ్లు? టెండాన్‌కు రక్త ప్రసరణ తక్కువ కాబట్టి మానడం నెమ్మది. తొమ్మిది నెలల నుంచి ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మొదట చేత్తో పట్టుకుని నడిపించడం, తర్వాత మెల్లగా దౌడు, మధ్య మధ్యలో మళ్ళీ స్కానింగ్. అంతా చేశాక కూడా తెగిన చోట ఏర్పడేది అసలు పోగు కాదు, మచ్చ కణజాలం. అంత సాగదు, అంత బలం ఉండదు. మళ్ళీ అదే చోట, లేదా దాని పక్కనే తెగడం చాలా మామూలు. మూల కణాల ఇంజెక్షన్లు, రక్తం నుంచి తీసిన ప్లాస్మా చికిత్సలు వచ్చి పరిస్థితి కొంత మెరుగుపడింది కానీ హామీ ఎవరూ ఇవ్వలేరు.

ఎముక సంగతి వేరు. చీలమండ దగ్గర ఎముక నిలువునా చిట్లితే స్క్రూలు బిగిస్తారు. చిట్లు చిన్నదై, కీలు పాడవకపోతే చాలా గుర్రాలు కొన్ని నెలల్లో మళ్ళీ పందేలకు వస్తాయి. కీలులో నీరు చేరడం అంతకంటే చిన్న విషయం కావచ్చు, లేదా లోపల జరుగుతున్న పెద్ద అరుగుదలకు సూచన కావచ్చు. అది స్కానింగ్ చూసినవాళ్లకే తెలుస్తుంది. బయటి జనానికి అందేది మాత్రం అన్నింటికీ ఒకే వాక్యం: గాయం కారణంగా రిటైర్మెంట్. ఎప్పటికీ మానని టెండాన్‌కూ, మూడు నెలల విశ్రాంతితో సర్దుకునే వాపుకూ ఒకే మాట వాడుతున్నప్పుడు, నిర్ణయం తీసుకున్నది గాయమా ఇంకేదైనానా అని అడగడం తప్పు కాదు.

ఒకే ఏడాది పుట్టిన రెండు గుర్రాలు

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి ఒక చక్కని పోలిక ఉంది. 1973 కెంటకీ డెర్బీని సెక్రటేరియట్ గెలిచింది, ఆ రికార్డు టైము ఇవాళ్టికీ చెక్కుచెదరలేదు. అదే పందెంలో నాలుగో స్థానంలో వచ్చిన గుర్రం పేరు ఫొరెగో. రెండూ 1970లో పుట్టినవే.

సెక్రటేరియట్ మగ గుర్రం. మూడేళ్ల వయసు పందేలు మొదలవక ముందే దాన్ని 32 వాటాలుగా చేసి, వాటా లక్షా 90 వేల డాలర్ల చొప్పున, మొత్తం 60 లక్షల 80 వేల డాలర్లకు అమ్మారు. మూడేళ్ల సీజన్ అవగానే పందేలు ఆపించాలని ఒప్పందంలోనే ఉంది. 1973 అక్టోబర్ 28న కెనడాలో చివరి పందెం గెలిచి స్టడ్ ఫామ్‌కు వెళ్లిపోయింది. కాళ్లు నాలుగూ బాగున్నాయి. ఇంకా ఎంత వేగంగా పరిగెత్తగలిగేదో ఎవరికీ తెలియదు.

ఫొరెగో గెల్డింగ్, అంటే వృషణాలు తీయించిన గుర్రం. సంతానం ఉండదు కాబట్టి స్టడ్ ఫామ్‌లో దానికి పని లేదు. చీలమండల సమస్య దాన్ని కెరీర్ పొడవునా వెంటాడింది. అయినా 1974, 1975, 1976 వరుసగా మూడేళ్లు అమెరికాలో ఆ ఏటి మేటి గుర్రంగా ఎంపికైంది. 1976 మార్ల్‌బొరో కప్‌లో 137 పౌండ్లు, అంటే 62 కిలోల బరువు మోస్తూ, చివరి గజాల్లో అందుకుని గెలిచిన తీరు చూసినవాళ్లు మర్చిపోలేదు. ఎనిమిదేళ్ల వయసు దాకా పరిగెత్తింది. మొత్తం 57 పందేలు, 34 గెలుపులు.

కాళ్లు బాగున్నది మూడేళ్లకే ఆగిపోయింది, కాళ్లు బాగాలేనిది ఎనిమిదేళ్ల దాకా పరిగెత్తింది. గెల్డింగ్‌కు గాయమైతే ఓనర్ ఎదురుచూస్తాడు, ఎందుకంటే దానికి విలువ ఉన్నది ట్రాక్ మీదే. గెల్డింగ్ జాన్ హెన్రీ 83 పందేలు పరిగెత్తి, తొమ్మిదో ఏట మేటి గుర్రం బిరుదు గెలుచుకుంది. ఆడ గుర్రాలది మధ్యస్థ పరిస్థితి. అవి ఏడాదికి ఒక్క పిల్లనే ఈనగలవు కాబట్టి తొందర తక్కువ. ఆస్ట్రేలియా ఆడ గుర్రం వింక్స్ ఏడేళ్ల వయసు దాకా పరిగెత్తి వరుసగా 33 పందేలు గెలిచాకే విశ్రాంతి తీసుకుంది. తొందర అంతా గొప్ప మగ గుర్రం విషయంలోనే.

తొందర ఎందుకు

ఈ రేసు గుర్రాల జాతి పేరు థరోబ్రెడ్. అందులో కృత్రిమ గర్భధారణకు అనుమతి లేదు. పిల్లకు రిజిస్ట్రేషన్ కావాలంటే మగ గుర్రం, ఆడ గుర్రం స్వయంగా జత కట్టాలి. గర్భం పదకొండు నెలలు. ఉత్తరార్ధగోళంలో పుట్టిన ప్రతి థరోబ్రెడ్‌కూ జనవరి 1నే వయసు ఒక ఏడాది పెరిగినట్టు లెక్క, అది నిజంగా ఏ నెలలో పుట్టినా సరే. ఏడాది మొదట్లో పుట్టిన పిల్లకు తోటివాటి కంటే ఎదుగుదల ఎక్కువ ఉంటుంది కాబట్టి అందరూ ముందుగా పుట్టాలనే కోరుకుంటారు. అందుకే జత కట్టే సీజన్ ఫిబ్రవరి మధ్యలో మొదలై జూన్‌తో ముగుస్తుంది.

ఇప్పుడు జూలైలో గాయపడిన మూడేళ్ల గుర్రాన్ని తీసుకోండి. విశ్రాంతి ఇచ్చి తిరిగి పరిగెత్తించాలంటే మళ్ళీ వేసవి వచ్చేస్తుంది. ఈలోగా ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఒక సీజన్ మొత్తం పోతుంది. పైగా తిరిగి వచ్చాక గెలుస్తుందన్న నమ్మకం లేదు. ఓడితే మెరుపు తగ్గుతుంది, మెరుపుతో పాటు జత కోసం ఆడ గుర్రాల ఓనర్లు కట్టే స్టడ్ ఫీజూ తగ్గుతుంది. అలా కాకుండా ఇప్పుడే ఆపేస్తే, ఓటమి ఎరగని ఛాంపియన్ అన్న పేరుతో వచ్చే ఫిబ్రవరికే సిద్ధం. గాయం వేసవిలో తగిలిందంటే, స్టడ్ ఫామ్ వాళ్లు ప్రకటనలు వేసుకుని, ఆడ గుర్రాల ఓనర్లతో మాట్లాడుకోవడానికి సరిగ్గా సరిపోయే టైములో తగిలిందన్నమాట.

డబ్బు లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. జస్టిఫై ఆరు పందేల్లో సంపాదించింది దాదాపు 38 లక్షల డాలర్లు. ఆ ఏడాది చివర్లో దాని ముందున్న అతి పెద్ద పందెం బ్రీడర్స్ కప్ క్లాసిక్, మొత్తం బహుమతి 60 లక్షలు, విజేతకు దక్కేది అందులో సగానికి కాస్త ఎక్కువ. 2019 వసంతంలో జస్టిఫై స్టడ్ ఫీజు లక్షా 50 వేల డాలర్లుగా పెట్టారు. ఆ సీజన్‌లో 200కు పైగా ఆడ గుర్రాలు దాని దగ్గరకు వచ్చాయి. మామూలుగా పిల్ల పుట్టి లేచి నిలబడి పాలు తాగితేనే ఫీజు కట్టాలి. కొందరికి రాయితీలు ఉంటాయి, వాటాదార్లకు ఉచితం. అవన్నీ తీసేసినా, 200 ఫీజులంటే పైపైన 3 కోట్ల డాలర్లు. ఒక్క వసంతంలో! ఉత్తరార్ధగోళంలో సీజన్ అయ్యాక విమానం ఎక్కించి ఆస్ట్రేలియాకు పంపితే అక్కడ సెప్టెంబర్ నుంచి ఇంకో సీజన్. జస్టిఫైని అలాగే పంపారు. దాని సంతానోత్పత్తి హక్కులకు కూల్‌మోర్ అనే స్టడ్ ఫామ్ సంస్థ 7.5 కోట్ల డాలర్ల దాకా పెట్టిందని అప్పట్లో పత్రికలు రాశాయి. అలాంటి గుర్రాన్ని 33 లక్షల బహుమతి కోసం ఇంకోసారి గేటులో నిలబెట్టడమంటే, ఇంటి మొత్తాన్ని పందెం కాసి బీరువా గెలవాలనుకోవడం. ఇన్సూరెన్స్ ఉంటుంది నిజమే, కానీ ఆ విలువకు ప్రీమియం కూడా అలాగే ఉంటుంది.

ఈ లెక్కలో ఎవరినీ దుర్మార్గులుగా చూడనక్కర్లేదు. అదే స్థానంలో ఉంటే ఎక్కువమంది అదే చేస్తారు. అభ్యంతరం ఒక్కటే. లెక్క చేసిన నిర్ణయాన్ని కాలు చేసిందని చెప్పడం వల్ల, నిజంగా కాలు వల్లే ఆగిపోయిన గుర్రాల కథలు కూడా జనం నమ్మడం మానేస్తారు.

కాలే ఆపిన కథలు

అలాంటివి ఉన్నాయి, చాలా గొప్పవి ఉన్నాయి. కెనడాలో పుట్టిన నార్తర్న్ డాన్సర్ మరీ పొట్టిదని చిన్నప్పుడు 25 వేల డాలర్లకు కూడా ఎవరూ కొనలేదు. 1964లో కెంటకీ డెర్బీ, ప్రీక్‌నెస్ గెలిచి, సొంత దేశంలో క్వీన్స్ ప్లేట్ కూడా గెలిచాక, ముందరి కాలి టెండాన్ వాచి విల్లులా ఉబ్బింది. మళ్ళీ పరిగెత్తించాలని చూసి కుదరక ఆపేశారు. 1965లో ఫీజు 10 వేల డాలర్లు. దాని కొడుకు నిజిన్స్కీ 1970లో ఇంగ్లండ్ ట్రిపుల్ క్రౌన్ గెలిచాక ప్రపంచం అటు తిరిగింది. 1980ల్లో దాని ఒక్కో జతకు ధర పది లక్షల డాలర్లకు దగ్గరగా వెళ్లింది, పిల్ల పుడుతుందన్న హామీ కూడా లేకుండా. ఇవాళ పరిగెత్తే థరోబ్రెడ్లలో అత్యధికం ఏదో ఒక వైపు నుంచి దాని వారసులే.

మిల్ రీఫ్ కథ చదివినవాళ్లకు గుండె తడి అవుతుంది. 1971లో ఎప్సమ్ డెర్బీ, కింగ్ జార్జ్, ఆర్క్ డి ట్రియాంఫ్ మూడూ గెలిచిన గుర్రం అది. 1972 ఆగస్టు 30న ఇంగ్లండ్‌లోని కింగ్స్‌క్లేర్‌లో మామూలు ఉదయపు సాధనలో ముందరి ఎడమ కాలు విరిగింది. ఆ రోజుల్లో అలాంటి గుర్రాన్ని అక్కడే చంపేయడమే రివాజు. ఓనర్ పాల్ మెలన్, ట్రైనర్ ఇయాన్ బాల్డింగ్ ఆపరేషన్‌కు సిద్ధపడ్డారు. ఎముకకు లోహపు పలక బిగించి, కాలికి పిండికట్టు వేశారు. గుర్రాన్ని బతికించడంలో అసలు కష్టం ఆపరేషన్ కాదు, ఆ తర్వాతి వారాలు. అర టన్ను జీవికి నొప్పి ఎందుకో తెలియదు. బెదిరి తన్నుకుంటే ఒక్క నిమిషంలో అంతా పోతుంది. మిల్ రీఫ్ మాత్రం కట్టు ఉన్నన్ని వారాలూ ఓపిగ్గా నిలబడింది. దాని నెమ్మది స్వభావమే దాన్ని బతికించిందని దగ్గరున్నవాళ్లు చెప్పారు. పందేలకు తిరిగి రాలేదు. న్యూమార్కెట్‌లోని నేషనల్ స్టడ్‌కు వెళ్లింది. దాని కొడుకులు షర్లీ హైట్స్ 1978లో, రెఫరెన్స్ పాయింట్ 1987లో ఎప్సమ్ డెర్బీ గెలిచాయి.

అందరికీ ఆ అదృష్టం ఉండదు. 2006 ప్రీక్‌నెస్ ఆరంభంలోనే వెనక కుడి కాలు ముక్కలైన బార్బరోకు పెన్సిల్వేనియాలోని న్యూ బోల్టన్ సెంటర్‌లో 27 స్క్రూలు బిగించారు. ఆ కాలు మానుతూ వచ్చింది. కానీ బరువు మిగతా కాళ్ల మీద పడి గిట్ట లోపలి పొరలు ఊడిపోయే లామినైటిస్ వచ్చింది. ఎనిమిది నెలల పోరాటం తర్వాత 2007 జనవరి 29న దాన్ని శాశ్వతంగా నిద్రపుచ్చారు. గుర్రానికి విరిగిన కాలొక్కటే కాదు, బాగున్న కాళ్లు కూడా ప్రమాదమే.

దుబాయ్ మిలీనియంది ఇంకో రకం. పది పందేల్లో తొమ్మిది గెలిచింది. 2000 మార్చిలో దుబాయ్ వరల్డ్ కప్‌ను, జూన్‌లో రాయల్ ఆస్కాట్‌లో ప్రిన్స్ ఆఫ్ వేల్స్ స్టేక్స్‌ను మిగతావాటిని దూరంగా వదిలేసి గెలిచింది. ఆగస్టు 5న సాధనలో వెనక కుడి కాలు చిట్లింది. ఆపరేషన్ జరిగింది, స్టడ్ ఫామ్‌కు పంపారు. మొదటి సీజన్ ఇంకా నడుస్తుండగానే, 2001 ఏప్రిల్‌లో గ్రాస్ సిక్‌నెస్ అనే జబ్బుతో చనిపోయింది. మిగిలింది 56 పిల్లలు. వాటిలో ఒకటి దుబావి. ఆ ఒక్క కొడుకు ద్వారానే దుబాయ్ మిలీనియం రక్తం ప్రపంచమంతా పాకింది. 2022లో బ్రిటన్, ఐర్లాండ్‌లలో పిల్లల సంపాదన లెక్కన మొదటి స్థానంలో నిలిచిన స్టాలియన్, అంటే సంతానానికి ఉంచిన మగ గుర్రం, దుబావియే.

రక్తంలో ఏం దిగుతోంది

గాయపడి ఆగిన గుర్రాలు గొప్ప తండ్రులు కావడం చూసి, ఇందులో నష్టం ఏముంది అనిపించవచ్చు. నష్టం ఉంది, కానీ నెమ్మదిగా కనబడుతుంది.

జపాన్‌లో కింగ్ కమేహమేహా 2004లో డెర్బీ గెలిచి, అదే శరత్కాలంలో టెండాన్ గాయంతో రిటైర్ అయింది. తండ్రిగా అద్భుతం, 2010లోనూ 2011లోనూ జపాన్‌లో మొదటి స్థానం. దాని కొడుకు దురమెంతె 2015లో సత్సుకి షో, డెర్బీ గెలిచాక ఎముక చిట్లి నెలల తరబడి ఆగింది. తిరిగి వచ్చి, 2016 జూన్‌లో తకరజుకా కినెన్‌లో రెండో స్థానంలో గీత దాటగానే జాకీ కిందికి దిగిపోవాల్సి వచ్చింది. కాలి గాయంతో అక్కడితో ముగిసింది. దురమెంతె కూడా తండ్రిగా వెలిగింది. తొమ్మిదేళ్లకే చనిపోయినా, 2023లో జపాన్ స్టాలియన్లలో మొదటి స్థానం దానిదే. ఆ ఏడాదే దాని కూతురు లిబర్టీ ఐలాండ్ ఆడ గుర్రాల ట్రిపుల్ క్రౌన్ గెలిచింది. 2025 ఏప్రిల్ 27న హాంకాంగ్‌లోని షాటిన్‌లో, క్వీన్ ఎలిజబెత్ కప్ ఆఖరి మలుపు తర్వాత లిబర్టీ ఐలాండ్ ముందరి ఎడమ కాలు చెడింది. జాకీ ఆపి దిగాడు. దాన్ని కాపాడలేకపోయారు.

తాత, కొడుకు, మనవరాలు. మూడు తరాలు, మూడూ కాళ్ల దగ్గరే ఆగాయి. ఈ ఒక్క కుటుంబాన్ని చూపించి వంశపారంపర్యం అని తేల్చేయడం పొరపాటు అవుతుంది. గాయాలు వేర్వేరు, పరిస్థితులు వేర్వేరు, ఆ వంశంలో ఏళ్ల తరబడి నిక్షేపంగా పరిగెత్తిన గుర్రాలు బోలెడు. కానీ టెండాన్ గాయాలకూ ఎముకలు చిట్లడానికీ జన్యువుల పాత్ర కొంత ఉందని పరిశోధనలు చెబుతున్నాయి. అలాంటప్పుడు ఏ గుర్రం తండ్రి కావాలో నిర్ణయించే పరీక్ష ఏది? ఆరు పందేల్లో మెరిసిన గుర్రం వేగం గురించి చాలా చెప్పింది. ఓర్పు గురించి, నాలుగేళ్లు ఐదేళ్లు పరిగెత్తినా చెక్కుచెదరని ఎముక గురించి ఏమీ చెప్పలేదు, ఎందుకంటే ఎవరూ అడగలేదు. పైగా అలాంటి ఒక్క గుర్రానికి ఏటా 200 పిల్లలంటే, తప్పు పడితే అది ఎంత దూరం పాకుతుందో ఊహించవచ్చు. జర్మనీలో స్టాలియన్‌కు అనుమతి ఇచ్చే ముందు పందేల రికార్డుతో పాటు శరీర నిర్మాణాన్ని కూడా పరిశీలించే సంప్రదాయం ఉంది. ఆ దేశపు గుర్రాలకు గట్టివన్న పేరు ఊరికే రాలేదు.

2020లో థరోబ్రెడ్ల రిజిస్ట్రేషన్ చూసే అమెరికా జాకీ క్లబ్ ఒక ప్రయత్నం చేసింది. ఆ ఏడాది, ఆ తర్వాత పుట్టిన స్టాలియన్లు సీజన్‌కు 140కి మించి ఆడ గుర్రాలతో జత కట్టకూడదని నియమం పెట్టింది. జాతిలో వైవిధ్యం తగ్గిపోతోందన్నది దాని భయం. పెద్ద స్టడ్ ఫామ్‌లు కోర్టుకు వెళ్లాయి, కెంటకీ శాసనసభలో బిల్లు వచ్చింది, 2022 ఫిబ్రవరిలో క్లబ్ నియమాన్ని వెనక్కి తీసుకుంది. ఈ విషయంలో క్లబ్ వెనక్కి తగ్గడం బాధాకరం.

స్టడ్ ఫామ్ అంటే స్వర్గం కాదు

కొత్త జీవితం అన్న మాటనూ కాస్త ఆగి చూడాలి. సీజన్‌లో రోజుకు రెండు మూడు జతలు కట్టాలి. ఆ బరువంతా వెనక కాళ్ల మీదే. వెనక కాలికి పెద్ద దెబ్బ తగిలిన గుర్రానికి అది తేలిక పని కాదు. అసలు సంతానమే కలగకపోవచ్చు. 1990ల్లో వరుసగా 16 పందేలు గెలిచిన సిగార్ స్టడ్ ఫామ్‌కు వెళ్తే ఒక్క ఆడ గుర్రం కూడా చూడి కట్టలేదు. ఇన్సూరెన్స్ కంపెనీ డబ్బు కట్టింది, గుర్రం కెంటకీ హార్స్ పార్క్‌లో జనం మధ్య ప్రశాంతంగా వృద్ధాప్యం గడిపింది. 2006లో ‘2000 గినీస్’ అనే పందెం గెలిచిన జార్జ్ వాషింగ్టన్ అనే గుర్రానికీ దాదాపు అదే సమస్య వచ్చింది. కానీ దాన్ని తిరిగి ట్రాక్ మీదికి తెచ్చారు. 2007 అక్టోబర్ 27న న్యూజెర్సీలోని మాన్మత్ పార్క్‌లో, వాన నీళ్లు నిలిచిన బురద మీద బ్రీడర్స్ కప్ క్లాసిక్ పరిగెత్తుతూ కాలు విరిగి అక్కడే చనిపోయింది. దానికి మిగిలింది ఒక్క కూతురు. తగినంత సంతానం కలిగి ఉంటే ఆ గుర్రం ఆ రోజు ఏదో పచ్చిక బయల్లో ఉండేది.

ఫీజు కూడా శాశ్వతం కాదు. 2012లో డెర్బీ, ప్రీక్‌నెస్ గెలిచి, ట్రిపుల్ క్రౌన్‌కు ఒక్క అడుగు దూరంలో, బెల్మాంట్‌కు ముందు రోజు టెండాన్ వాపుతో ఆగిపోయింది ఐల్ హావ్ అనదర్. జపాన్ స్టడ్ ఫామ్ కొనుక్కుంది. అక్కడ పిల్లలు ఆశించినంత రాణించలేదు, కొన్నేళ్లకు అది తిరిగి కాలిఫోర్నియా చేరింది. నార్తర్న్ డాన్సర్ పేరు చెప్పుకునేవాళ్లు ఇలాంటి పేర్లు కూడా గుర్తుంచుకోవాలి.

కొన్ని మార్పులు వస్తున్నాయి. 2020లో మొదలైన సౌదీ కప్ మొత్తం బహుమతి 2 కోట్ల డాలర్లు, విజేతకు కోటి. నాలుగేళ్ల వయసులో కూడా పరిగెత్తించడానికి అది కొందరికైనా కారణం అవుతోంది. నిలబడి ఉన్న గుర్రానికే పెట్ (PET) స్కాన్ తీసి, ఎముక చిట్లక ముందే ఒత్తిడి పడిన చోటును పట్టుకునే యంత్రాలు రేస్ కోర్సులకు చేరాయి. సాంటా అనితాలో 2019 చివర్లోనే మొదలైంది. వీటికి తోడు చేయాల్సిన పని ఒకటుంది, దానికి పెద్దగా ఖర్చు కూడా లేదు. గాయంతో స్టడ్ ఫామ్‌కు వెళ్లే ప్రతి గుర్రానికీ ఏ కాలు, ఏ భాగం, ఎంత మేరకు అన్న వెటర్నరీ రిపోర్టు బయట పెట్టడం. ఆడ గుర్రాన్ని పంపేవాళ్లకు అది తెలుసుకునే హక్కు ఉంది. పుట్టబోయే పిల్లకు నోరు లేదు కాబట్టి, దాని తరఫున కూడా ఆ హక్కు ఉన్నట్టే.

జస్టిఫై పిల్లల్లో మేటిది సిటీ ఆఫ్ ట్రాయ్. 2024లో ఎప్సమ్ డెర్బీ, ఎక్లిప్స్, యార్క్‌లో జడ్‌మాంట్ ఇంటర్నేషనల్ గెలిచింది. తండ్రి కాలు అడ్డుపడి చేరుకోలేకపోయిన బ్రీడర్స్ కప్ క్లాసిక్‌కు అది చేరుకుంది. 2024 నవంబర్ 2న డెల్ మార్‌లో, ఎన్నడూ అలవాటు లేని మట్టి ట్రాక్ మీద ఎనిమిదో స్థానంలో వచ్చింది. కాలికి ఏ దెబ్బా తగలలేదు. మరుసటి ఫిబ్రవరికల్లా ఐర్లాండ్‌లోని కూల్‌మోర్‌లో, 75 వేల యూరోల ఫీజుతో, మొదటి సీజన్‌కు సిద్ధంగా ఉంది.